సగం మాత్ర

రోడ్డు అవతలికి మాత్ర తీసుకుపోవడానికి సుబ్బులమ్మ ఒక పద్ధతి పెట్టుకొంది. పొద్దున్నే పాలు పోసి ఇంటికొచ్చి, చేతులు కడుక్కొని, గూట్లో ఉన్న అట్టలోంచి ఒక మాత్ర ఒత్తి తీసేది. దాన్ని అత్తగారి కాలం నాటి అడకత్తెరలో పెట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లగా నొక్కేది. మాత్ర టక్కుమని రెండయ్యేది. ఏ సగం రవ్వంత పెద్దదిగా కనిపిస్తే దాన్ని కాగితంలో చుట్టి కొంగున ముడేసుకొనేది. చిన్నది తను మింగేది. తర్వాత చెంబులో మజ్జిగ పోసుకొని రోడ్డు దాటేది. ఎవరన్నా ఎక్కడికని అడిగితే మజ్జిగ ఇచ్చి రావడానికని చెప్పుకోవచ్చు కదా.

రోడ్డు అవతల కోమలి ఇల్లు. కోమలి ఆమెకు తోడికోడలు. అన్నదమ్ములు భాగాలు పంచుకొన్నప్పుడు అన్నకు రోడ్డుకు తూర్పున ఉన్న పాత ఇల్లు, తమ్ముడికి పడమట ఉన్న ఖాళీ జాగా వచ్చాయి. మగవాళ్లు గట్టు ఎంత, గోడ ఎంత అని తాడుతో కొలుచుకొన్నారు. ఆడవాళ్లు ఏదీ కొలుచుకోలేదు. ఊరగాయ ఇద్దరికీ కలిపి ఒకే జాడీలో పెట్టేవాళ్లు. కోమలి కూతుర్ని పెంచింది సుబ్బులమ్మే. సుబ్బులమ్మ మొగుడు పోయిన ఏడాది, శుభకార్యాలకు ఆమెను పిలవడానికి అందరూ వెనకాముందాడుతుంటే, కోమలే ఆమె చెయ్యి పట్టుకొని ముందు వరసలో కూర్చోబెట్టింది. అడ్డం చెప్పబోయిన పెద్దమ్మలను నాలుగు మాటలు కూడా అంది.

నాగలేటిపల్లెలో సగం ఇళ్ల సంగతి ఇంతే. కార్వేటినగరం దాటి పుత్తూరు వైపు పోయే రోడ్డు ఊరి మధ్యలోంచి పోతుంది. అటు అన్న ఉంటే ఇటు తమ్ముడు, ఇటు అత్త ఉంటే అటు కోడలు. ఆ రోడ్డు ఊరిని రెండు చేసిందని ఊళ్లో ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు. అట్లా అనిపించింది ఒక్క పరిశోధనవాళ్లకే.

ఆ పరిశోధన రావడానికి ముందు ఊరి నీళ్ల సంగతి చెప్పాలి. నీళ్ల ట్యాంకు ఒకటే. ఒక రోజు తూర్పు పక్క కొళాయిలకు, మరుసటి రోజు పడమటి పక్కకు నీళ్లు వదులుతారు. వదిలేది మునివెంకటప్ప. తల పండిన మనిషి, నీళ్ల విషయంలో సొంత కూతురి ఇంటికి కూడా ఒక నిమిషం ఎక్కువ ఇవ్వడు. నీళ్లు రాని పక్కవాళ్లు బిందెలు పట్టుకొని రోడ్డు దాటి, వచ్చిన పక్క కొళాయిల దగ్గర పట్టుకొంటారు. వద్దనడం ఊళ్లో ఎవరికీ తెలియదు. రేపు తమకు రానిరోజు వీళ్లూ అటే పోవాలి.

తిరుపతి వైపు ఉన్న ఒక మెడికల్ కాలేజీ నుంచి డాక్టర్ భానుచందర్ వచ్చినప్పుడు ఊరి వాడుక అది. చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాడొకడు దొరికితే బాగుండేది, నాలుగు తిట్లు తిట్టుకొని సుఖంగా పడుకొనేవాళ్లం. దొరకడు. బడి వరండాలో ఊరందర్నీ కూర్చోబెట్టి, మైకు కూడా లేకుండా, గొంతు పోయేదాకా ఓపిగ్గా చెప్పాడు.

"బీపీ ఉన్నవాళ్లకు మాత్రలు ఇంటి దగ్గరికే తెచ్చిస్తే ఎంత మేలు జరుగుతుందో తెలుసుకోవాలమ్మా. అందుకని ఊళ్లో ఒక పక్కవాళ్లకు ఏడాది పాటు నెలనెలా మాత్రలు ఇంటికే ఇస్తాం. రెండో పక్కవాళ్లకు బీపీ చూసి, ఆస్పత్రికి పొమ్మని సలహా మాత్రం ఇస్తాం. ఏడాదయ్యాక రెండు పక్కలా పోల్చి చూస్తాం. మేలు జరిగిందని తేలితే ప్రభుత్వానికి రాస్తాం. అప్పుడు అన్ని ఊళ్లకూ, అందరికీ వస్తుంది."

ఏ పక్క అనేది చీటీ తీసి తేలుస్తామన్నాడు. ఎవరు తియ్యాలంటే అందరూ మునివెంకటప్పనే చూపించారు. ఆయన కండువాతో చెయ్యి తుడుచుకొని, డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. తూర్పు.

"మా పక్కకెప్పుడు తాతా?" అని కోమలి అడిగింది.

"ఏముండాదిమే, ఈ తూరి వాళ్లకి, వచ్చే తూరి మీకి. నీళ్లు రాలా?" అన్నాడు మునివెంకటప్ప.

అందరూ నవ్వారు. పడమటి పక్కవాళ్లకు మనసు కుదుటపడింది. డాక్టరు అప్పటికే ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ పక్కకు పోయాడు. ఆ మాట ఆయన చెవిన పడి ఉంటే, వంతులేమీ లేవు, రెండో తూరి అనేదే లేదు అని చెప్పి ఉండేవాడు. చెప్పినా ఊరు నమ్మేది కాదేమో. ఒక పక్కకే ఎప్పటికీ ఇస్తారని, ఇంకో పక్కను ఊరికే చూస్తూ కూర్చొంటారని ఎవరు మాత్రం అనుకొంటారు?

నిస్సీ అనే అమ్మాయి అందరిచేతా వేలిముద్రలు వేయించింది. కార్వేటినగరం పిల్ల, నర్సు చదువు చదివి, ఈ పరిశోధనలో కాంట్రాక్టు మీద చేరింది. నెలనెలా స్కూటీ మీద వచ్చేదీ, బీపీ చూసేదీ, మాత్రలు ఇచ్చేదీ ఆమే. "ఈ మాత్రలు మీరే ఏసుకోవాల. ఇంగొకరికి ఇయ్యకూడదు," అని ప్రతి ఒక్కరికీ చదివి వినిపించింది. ఫుట్‌బోర్డు మీద నిలబడవద్దని బస్సు కండక్టరు చెబితే తలూపినట్టు అందరూ తలూపారు.

ఇద్దర్లో బీపీ ఎక్కువున్నది కోమలికి.

"నీకు నిండా జాస్తిగా ఉండాది చిన్నమ్మా. ఆస్పత్రికి పో. అశ్రద్ధ చెయ్యద్దు," అని నిస్సీ చెప్పింది. చెప్పడం వరకే ఆమె పని.

కోమలి పోలేదని కాదు. కూలి మానుకొని, బస్సెక్కి ఆస్పత్రికి పోయింది. వరసలో నిలబడింది. కొన్నాళ్లకు సరిపడా మాత్రలిచ్చి మళ్లీ రమ్మన్నారు. మళ్లీ పోతే మాత్రలు అయిపోయాయి, వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ తెరిచారు. ఒక రోజు రాకపోతే మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకొంటాడు.

"పని మానుకొని బీపీ సూపిచ్చుకొనేదానికి పోతే, పని పోయిందని బీపీ ఎక్కుతాది. నాకు రెండు బీపీలెందుకక్కా?" అని నవ్వింది. "మా వంతు వస్తాది గదా, అప్పుడు సూస్తాంలే."

సుబ్బులమ్మకు నవ్వు రాలేదు. ఈ మధ్య కోమలి నుదుటికి గుడ్డ కట్టుకొని పడుకోవడం ఆమె చూస్తూనే ఉంది. వంగి లేస్తే కళ్లు తిరిగి గుంజ పట్టుకోవడమూ చూసింది. వంతు వచ్చేదాకా ఈ మనిషి ఉండాలి కదా అనే భయం పట్టుకొంది. ఒకసారి పట్టుకొన్నాక ఆ భయం మళ్లీ వదల్లేదు. ఆ మరుసటి పొద్దున్నే అడకత్తెర తీసింది.

"నీకిచ్చింది నాకెందుకక్కా?" అని కోమలి మొదట వద్దంది.

"నీళ్లు రానిరోజు మా కొళాయి కాడ పట్టుకోలా? ఇదీ అంతేమే. మింగు," అంది సుబ్బులమ్మ.

కోమలి మింగింది. ఆ తర్వాత ప్రతి పొద్దునా మజ్జిగ చెంబుతో పాటు సగం మాత్ర రోడ్డు దాటింది. సుబ్బులమ్మ ఒక్కతే చేసిన పని కూడా కాదిది. చెంబులో, కొంగులో, తమలపాకు చుట్టలో, రోజూ పొద్దున ఎన్నెన్ని సగాలు ఆ రోడ్డు దాటేవో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇట్లాంటి ఊళ్లు ఆ పరిశోధనలో ఇంకా చాలా ఉన్నాయట. అన్ని చోట్లా రోడ్డునే గీతగా పెట్టుకొన్నారట. అక్కడ మాత్రం అన్నదమ్ములుండరా, అత్తాకోడళ్లుండరా?

నిస్సీ నెలనెలా వచ్చి ఖాళీ అట్టలు చూసుకొని, ఫోన్లో నొక్కుకొని పోయేది. ఒక్క మాత్ర కూడా మిగలకపోయేసరికి పైవాళ్లు ఆ పిల్లను మెచ్చుకొన్నారు. కానీ సుబ్బులమ్మ బీపీ దిగాల్సినంత దిగలేదు.

"ఉప్పు తగ్గించినావా పెద్దమ్మా?"

"తగ్గించినా పాపా."

"ఊరగాయ తింటా ఉండావా?"

"రోంత."

"అదే. ఆ ఊరగాయే నీకు శత్రువు," అని నిస్సీ కోప్పడేది. పాపం ఊరగాయ ఆ ఏడాదంతా చెయ్యని తప్పుకు తిట్లు తింది.

ఒకరోజు నిస్సీ చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. వాకిట్లో చెప్పులు విడిచి, "పెద్దమ్మా" అంటూ నేరుగా లోపలికి వచ్చేసింది. సుబ్బులమ్మ చేతిలో అడకత్తెర ఉంది. ముందు పీట మీద రెండు సగాలు, పక్కన చింపిన కాగితం ముక్క. దాచడానికి వ్యవధి లేదు.

నిస్సీ పీట మీదికి చూసింది, గడప పక్కనున్న మజ్జిగ చెంబు వైపు చూసింది, చివరికి రోడ్డు వైపు చూసింది. ఎవరూ చెప్పకుండానే అంతా తెలిసిపోయింది. ఆ పిల్ల గోడకు ఆనుకొని కూలబడింది.

"ఎన్నాళ్లనించి?"

"మొదట్నించే."

"సగం ఏసుకుంటే నీకూ సరిపోదు, ఆయమ్మకూ సరిపోదు. ఇది మందు పెద్దమ్మా, ఊరగాయ కాదు పంచుకొనేదానికి."

"అట్లయితే ఆయమ్మకీ ఒగ అట్ట ఇయ్యి పాపా. నేనెందుకు తుంచతాను?"

"ఇయ్యకూడదు. పడమటి పక్కకి ఇస్తే లెక్కంతా చెడిపోతాది."

"మనిషి చెడిపోతే?"

సుబ్బులమ్మ నిస్సీ దగ్గరకు జరిగి గడ్డం పట్టుకొంది. "నీ అక్కో చెల్లెలో అయితే ఏం చేస్తువు, అది చెప్పు పాపా. అదే చేస్తా నేను."

ఆ పిల్లకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను పైన చెప్తే నీ పేరు తీసేస్తారు, నీకుండే సగమూ పోతాది. చెప్పలేదని తెలిస్తే నా పని పోతాది. మా నాయన మంచంలో ఉండాడు, ఇల్లు నడిచేది నాతోనే," అంది. తర్వాత కళ్లు తుడుచుకొని లేచింది. "నేను సూడలా. నువ్వు చెప్పలా. రేపట్నించి పూరాగా మింగు పెద్దమ్మా, నీకు దండం పెడతా."

మరునాడు సుబ్బులమ్మ మాత్ర పూర్తిగా మింగింది. మజ్జిగ చెంబు ఒక్కటే పట్టుకొని రోడ్డు దాటింది. కోమలి ఆమె కొంగు వైపు ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా మజ్జిగ వంచుకొని, చెంబు కడిగి ఇచ్చింది. ఎందుకు తేలేదని గొడవ పడి ఉంటే బాగుండేది. ఆ అడగకపోవడం సుబ్బులమ్మ తట్టుకోలేకపోయింది. తెల్లారి మళ్లీ అడకత్తెర తీసింది.

ఏడాది తిరిగింది. మళ్లీ బడి వరండాలో కుర్చీలు వేశారు. డాక్టరు భానుచందర్ చేతిలో కాగితాలున్నాయి గాని వాటి వైపు చూడలేదు. పోయినేడు ఉన్న హుషారు ఆ మొహంలో లేదు.

"మీరందరూ మాకు సహకరించారు. చాలా సంతోషం. అన్ని ఊళ్ల లెక్కలూ చూశాం. ఇంటికి మాత్రలు తెచ్చిచ్చిన పక్కకూ, ఇవ్వని పక్కకూ పెద్దగా తేడా కనిపించలేదు. ఇంటికి తెచ్చివ్వడం వల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదని తేలింది. అందుకని ఈ పని ఇంతటితో ఆపేస్తున్నాం. అందరూ ఆస్పత్రికి పోయి చూపించుకోండి."

"మరి మా పక్కకి?" అని పడమటివాళ్లలో ఎవరో అడిగారు.

"లేదమ్మా. ఇక ఎవరికీ లేదు."

సుబ్బులమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తేడా ఎక్కడ కనిపిస్తుంది? అటూ ఇటూ తిన్నది ఒకటే మాత్ర కదా! తాము పంచుకొన్నారు కాబట్టి మాత్రలే పనికిరానివైపోయాయి. అన్ని ఊళ్లకూ వస్తుందన్నది కోమలికి కూడా రాకుండా పోయింది. కోమలికని తన చేత్తో తుంచిన ప్రతి సగమూ కోమలి వంతును తుంచేసిందని తోచింది. లేచి నిలబడింది.

పక్కనే ఉన్న మునివెంకటప్ప ఆమె కొంగు పట్టి లాగాడు. "కూసోమ్మే! ఇంగొకరికి ఇయ్యనని వేలిముద్ర ఏసినావు. తెలిస్తే పింఛను కోసేస్తారు."

పింఛను కోయడానికి ఆ డాక్టరుకు ఏ అధికారమూ లేదు. కానీ ఆ మాట అప్పటికే వరండా అంతా పాకింది. సుబ్బులమ్మ కూర్చోలేదు.

"సార్, మేము పంచుకొన్నాం. నాకిచ్చిన మాత్ర సగం నేను తిన్నా, సగం ఆ పక్కకి ఇచ్చినా. అందుకే మీకు తేడా కనపళ్లా. మాత్రలది తప్పు కాదు సార్, మాది."

డాక్టరు కాగితాలు బల్ల మీద పెట్టాడు. "ఎవరికిచ్చావమ్మా?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు, ఆత్రం ఉంది.

సుబ్బులమ్మ కోమలి వైపు చూసింది. చెప్పు, చెప్తే నీకొస్తాయి అన్నట్టు చూసింది.

కోమలి లేచింది. "లేదు సార్. నేనేం తినలా," అంది. "మా బావ పోయినప్పట్నించి అక్కకి మతి నిలకడ లేదు. ఏదో ఒగటి అంటా ఉంటాది. పట్టించుకోవద్దండి."

డాక్టరు మిగతా వాళ్లందరి వైపూ చూశాడు. "ఇంకెవరైనా పంచుకొన్నారా? భయం లేదు, చెప్పండి."

ఏడాది పాటు కొంగుల్లో సగాలు మోసినవాళ్లందరూ తమ కాళ్ల వైపు చూసుకొంటూ కూర్చొన్నారు. చివరికి డాక్టరు నిస్సీ వైపు తిరిగాడు. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అట్టలన్నీ ఖాళీగానే వచ్చినాయి సార్," అంది. అందులో అబద్ధమేమీ లేదు.

డాక్టరు సుబ్బులమ్మ మాట నమ్మితే ఏడాది పని, అన్ని ఊళ్ల పని మొదటికొస్తుంది. పైకి పంపిన నివేదికను వెనక్కి తీసుకోవాలి. నమ్మకపోతే ఏమీ చెయ్యక్కర్లేదు, మతి నిలకడలేని ముసలామె అని తోడికోడలే చెబుతోంది. నమ్మలేదో, నమ్మకూడదనుకొన్నాడో ఆయనకే తెలియాలి. కాగితాలు సర్దుకొని, అందరికీ నమస్కారం పెట్టి, కారెక్కాడు.

రోడ్డు మధ్యలో సుబ్బులమ్మ కోమలి జబ్బ పట్టుకొని ఆపింది. జీవితంలో మొదటిసారి ఆమెను కొట్టాలనిపించింది.

"ఎందుకు చెప్పినావే అట్ల? నన్ను పిచ్చిదాన్ని చేస్తివి గదే!"

"నీ పింఛను పోతే నేను సూస్తా ఉండాల్నా?"

"నువ్వు పోతే నేను సూస్తా ఉండాల్నా?"

"నేనెందుకు పోతానక్కా, గుండ్రాయి మాదిరి ఉండాను," అంది కోమలి. నవ్వబోయి, సుబ్బులమ్మ మొహం చూసి ఊరుకొంది.

గుండ్రాయి మాదిరి ఉన్న మనిషి తర్వాతి మామిడి కాలంలో ఫ్యాక్టరీలో, కాయలు కోసే బల్ల ముందు, చేతిలో కత్తితోనే ఒరిగిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు ఒక పక్కకు లాగేసింది, మాట పోయింది. ఊరందరినీ నవ్వించిన నోరు అది.

"ముందే తెలిసుంటే ఏమన్నా చేసుందుము గదా వదినా," అని కోమలి మొగుడు మోహన్ ఆస్పత్రి మెట్ల మీద కూర్చొని ఏడ్చాడు.

ముందే తెలుసు. అదే సుబ్బులమ్మ గుండెలో మండింది. కోమలికి తెలుసు, తనకు తెలుసు, నిస్సీకి తెలుసు, డాక్టరు కాగితాల్లో కోమలి బీపీ నెలనెలా రాసి ఉంది. ఇంతమందికి తెలిసి కూడా ఒక మనిషి పడిపోయింది. ఈ కోపం ఎవరి మీద పెట్టాలో ఆమెకు తెలియలేదు. ఇంటికొచ్చి, పాలు సరిగ్గా చేపడం లేదని ఆవును కొట్టింది, కొట్టి దాని మెడ పట్టుకొని ఏడ్చింది.

కొన్నాళ్లకు బడి వరండాలో మూడోసారి కుర్చీలు వేశారు. ఇది కొత్త పరిశోధన. పక్షవాతం వచ్చినవాళ్లకు మాత్రలు, వ్యాయామం ఇంటి దగ్గరే ఇస్తే ఎంత మేలు జరుగుతుందో చూస్తారట. ఒక పక్కకు ఇస్తారట, ఒక పక్కకు సలహా చెబుతారట. భానుచందర్ జుట్టు చెవుల దగ్గర కొంచెం నెరిసింది. సుబ్బులమ్మను చూసి గుర్తుపట్టాడు, నమస్కారం పెట్టాడు, కానీ దగ్గరకు రాలేదు.

చీటీ మళ్లీ మునివెంకటప్పే తీశాడు. పడమర.

"చెప్పలా? వచ్చే తూరి ఆ పక్కకని," అన్నాడు ఆయన. వేళాకోళానికి అనలేదు పాపం, మాట నిలబడిందన్న తృప్తితోనే అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తూర్పు పక్కన పెంచలయ్య కూడా కాలు చెయ్యి పడి మంచంలో ఉన్నాడు. అతనికి సలహా వచ్చింది.

నిస్సీ మొదటిసారి మాత్రలు తెచ్చిన పొద్దున సుబ్బులమ్మ కోమలి మంచం దగ్గరే ఉంది. రాగిజావ కాచి చల్లారబెడుతోంది. నిస్సీ సంచి దించి, అట్టలోంచి ఒకటి ఒత్తింది. అదే చిన్న తెల్ల మాత్ర.

"ఈ తూరి దినామూ నా ముందరే మింగాల చిన్నమ్మా. అట్లని పెట్టినారు," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

సుబ్బులమ్మ ఒక చేత్తో కోమలి తల ఎత్తి, మాత్ర నోటి దగ్గర పెట్టింది. కోమలి పెదవులు బిగించింది. ఎంత బతిమాలినా తెరవలేదు. పనిచేసే ఎడమ చేతిని దుప్పటి కింది నుంచి తీసి, రెండు వేళ్లు దగ్గరగా తెచ్చి నొక్కి చూపించింది. తర్వాత వేలెత్తి సుబ్బులమ్మ వైపు చూపించింది.

"ఏమంటా ఉండాది?" అంది నిస్సీ.

సుబ్బులమ్మకు తెలుసు. తన మాత్రలు ఆగిపోయాయని కోమలికీ తెలుసు. చేతిలో డబ్బున్న నెల తను మందుల షాపులో కొంటుంది, లేని నెల లేదు. ఇది లేని నెల.

"నాకు బాగుండాదిమే. నాకొద్దు. ఇది నీది, పూరా నీది. నీ వంతు వచ్చినాది గదా, మింగు తల్లీ."

కోమలి మొహం గోడకు తిప్పేసుకొంది.

సుబ్బులమ్మ లేచి రోడ్డు దాటి ఇంటికి పోయి అడకత్తెర తెచ్చింది. మంచం పట్టె మీద పెట్టి, కోమలి చూస్తుండగా మాత్రను నొక్కింది. నిస్సీ గుమ్మం వైపు తిరిగి నిలబడి, స్కూటీ తాళాలు చేతిలో తిప్పుకొంటోంది. రెండు సగాలూ అరచేతిలో పెట్టుకొని, పెద్దది కోమలి నోటికి అందించబోయింది సుబ్బులమ్మ. కోమలి ఎడమ చేత్తో ఆ చెయ్యి తోసి, చిన్న సగం తీసుకొంది. పెద్దది సుబ్బులమ్మ వైపు నెట్టింది. ఏడాది పాటు ఏ సగం తనకొస్తోందో ఆమె గమనిస్తూనే ఉందన్నమాట.

సుబ్బులమ్మ గుప్పిట నోటి దాకా ఎత్తింది, తల వెనక్కి వంచి, చెంబెడు నీళ్లు గుటకలు వేస్తూ తాగింది. కోమలి ఆ గొంతు వైపే చూసి, అప్పుడు నోరు తెరిచి తన సగం మింగింది.

నిస్సీ వెళ్లిపోయింది. స్కూటీ చప్పుడు దూరమయ్యాక, సుబ్బులమ్మ మంచం వెనక్కి పోయి గుప్పిట విప్పింది. సగం మాత్ర చెమటకు అరచేతిలో అంటుకొని ఉంది. దాన్ని జావ గిన్నెలో వేసి, చెంచా వెనకతో నలిపి, కలిపి, మంచం పట్టె మీద కూర్చొంది.

మొదటి చెంచా నోట్లో పడగానే కోమలి ఆగిపోయింది. ఆ చేదు ఆమెకు ఏడాది పాటు తెలిసిన చేదే. కళ్లెత్తి సుబ్బులమ్మను చూసింది. ఆ చూపులో కోపముందో, ఏడుపుందో, మాట పోయిన మనిషి కదా, చెప్పలేం.

"మింగుమే," అంది సుబ్బులమ్మ. "ఈ తూరి లెక్కన్నా సరిగ్గా రానీ."

కోమలి మింగింది. సగం లోపలికి పోయింది, సగం పడిపోయిన పెదవి పక్కనుంచి గడ్డం మీదికి కారింది. కారిన దాంట్లోనూ మందు ఉందని, సుబ్బులమ్మ దాన్ని చెంచాతో తీసి మళ్లీ నోట్లో పెట్టింది.